బీరువాకి మేం రాసిన రూల్సు

మొన్న క్రిస్మస్‌కి ముందు బాపట్లలో మా వీధి చివర చర్చి ఆవరణలో పిల్లలు వెదురుబద్దలతో నక్షత్రం కడుతుంటే, కొని తెచ్చుకున్న జిగురు సీసా సగం పనిలోనే అయిపోయింది. మళ్ళీ బజారుకి వెళ్ళే ఓపిక వాళ్ళకెక్కడిది? ఎవరో తల్లి గిన్నెడు మైదాపిండి తెచ్చి, నీళ్ళు పోసి, రాళ్ళ పొయ్యి మీద అక్కడే ఉడకేసింది. కూరల సంచీ మోసుకుంటూ వస్తున్న నేను గేటు దగ్గర ఆగిపోయాను. ఉడికే మైదా వాసన గొప్ప వాసనేం కాదు. కాస్త పచ్చి, కాస్త మాడు, పురుగు పట్టకుండా చిటికెడు మైలుతుత్తం వేస్తే ముక్కుకి తగిలే ఒక చేదు, అంతే. నాకు మాత్రం ఆ వాసన తగిలిందంటే రేపల్లెలో మా బడి వరండా, ఎనభైల నాటి ఎండ, గరిటె తిప్పుతూ అందరి మీదా పెత్తనం చేస్తున్న ఎనిమిదో తరగతి సుగుణ, అన్నీ కళ్ళముందుకొస్తాయి. ఆ సుగుణని నేనే. ఆ పెత్తనం ఇప్పటికీ పోలేదని మా ఇంట్లోవాళ్ళంటారు. అంటే అననీ.

రేపల్లె అంటే రైలుకి ఆఖరి స్టేషను. తెనాలి నుంచి బయల్దేరిన పాసింజరు వేమూరు మీదుగా, వరిచేల మధ్య నింపాదిగా నడిచొచ్చి, ఇక ముందుకెళ్ళడానికి పట్టాల్లేక మా ఊళ్ళో ఆగేది. కాలవలకి నీళ్ళొదిలిన రోజుల్లో ఊరంతా తడిమట్టి వాసన, కోతలయ్యాక మిల్లుల దగ్గర ఊక వాసన, చలికాలం పొద్దున్నే కుంపట్లో కాలుతున్న తేగల వాసన, ఎండాకాలం తాటాకులో చుట్టి తెచ్చిన ముంజెల చల్లదనం, వానాకాలం బడి వదిలేసరికి మోకాళ్ళ దాకా బురద. క్రిస్మస్ నెల వచ్చిందంటే మా నాయనమ్మ అరిసెల పాకం దగ్గర పీట వేసుకుని కూర్చునేది, మా అమ్మ గులాబీ పువ్వుల అచ్చు నూనెలో ముంచి తీస్తుంటే ఆ పువ్వులు సలసలా విడిపోయేవి, మా నాన్న ఆఫీసు నుంచి వస్తూ రంగు కాగితాలు తెచ్చేవాడు. పగలు పెంకుముక్కతో తొక్కుడుబిళ్ళ, సాయంత్రం అరుగు మీద చింతపిక్కలతో వామనగుంటలు. అన్నీ ఉన్నాయి గానీ చదువుకుందామంటే కథల పుస్తకం లేదు. ఊళ్ళో గ్రంథాలయం లేకపోలేదు. అక్కడ పేపరు చదివే మగవాళ్ళ మధ్య ఆడపిల్ల బల్ల మీద కూర్చోడమేంటని ఇళ్ళల్లో ఒప్పుకునేవాళ్ళు కారు.

మా బళ్ళో మాత్రం ఒక బీరువా ఉండేది. హెడ్మాస్టరుగారి గదిలో, ఆయన కుర్చీ వెనకాల, అద్దాల తలుపుల టేకు బీరువా. అందులో అట్టల మీద బంగారు అక్షరాలున్న పుస్తకాలు వరసగా నిలబడి మమ్మల్ని చూస్తుండేవి, మేం వాటిని చూస్తుండేవాళ్ళం. చాకుపీసుల కోసమో హాజరుపట్టీ ఇవ్వడానికో ఆ గదిలోకి వెళ్ళినప్పుడల్లా నేను కావాలని ఆలస్యం చేసి, మెడ పక్కకి వంచి, వీపుల మీదున్న పేర్లు చదివేసి వచ్చేదాన్ని. వాటి లోపలి కథలు ఇలా ఉంటాయని నా అంతట నేనే కల్పించి, చదివినట్టే మా తరగతిలో చెప్పేదాన్ని. ఇన్‌స్పెక్షన్‌కి ముందు ఒకసారి తలుపులు తెరిచి అటెండరు దుమ్ము దులిపేవాడు, ఇన్‌స్పెక్టరుగారు తలాడించి వెళ్ళిపోయేవారు, మళ్ళీ తాళం. హెడ్మాస్టరుగారు చెడ్డమనిషి కారు. ఒక్క పుస్తకం పాడైనా పైవాళ్ళకి జవాబు చెప్పుకోవాల్సింది ఆయనే గనక, ఆయన భయం ఆయనది.

మేం ఎనిమిదిలోకి వచ్చిన ఏడాది తెనాలి నుంచి కరుణమ్మ టీచరు వచ్చారు. రోజూ ఆ పాసింజరులోనే వచ్చి ఆ పాసింజరులోనే వెళ్ళే మనిషి, మాకు తెలుగు చెప్పేవారు. సన్నగా, గట్టిగా, ఎప్పుడూ ఎటో పని మీద వెళ్తున్నట్టు నడిచేవారు. ఒకరోజు నేను బీరువా ముందు మెడ వంచుకుని నిలబడి ఉండగా చూసి, ఏంటని అడిగి, నేను చెప్పింది విని, అక్కడికక్కడే హెడ్మాస్టరుగారి వైపు తిరిగారు.

"ఈ పుస్తకాలు పిల్లలు ఇళ్ళకి తీసుకెళ్ళొచ్చాండి?"

"ఇళ్ళకా? ఎందుకమ్మా ఈ గోల! ఇస్తాను, నాదేం పోయింది. కానీ ఒక్క పుస్తకం మీద ఒక్క మరక పడ్డా తాళం వేసేస్తాను. మళ్ళీ నన్నడగొద్దు."

"సరేనండి. రూల్సు రాసి తెస్తామండి. పిల్లలే రాస్తారు."

ఆయన నా వంక చూసిన చూపు ఇప్పటికీ గుర్తే. నేను మాత్రం ఆనందంతో గాల్లో తేలిపోయాను. రూల్సు రాయడమంటే నాకు అంతిష్టం!

ముందు చిరిగిన పుస్తకాలకి మందు వేశాం. వరండాలో పొయ్యి పెట్టి, మైదా ఉడకేసి, మైలుతుత్తం కలిపి, ఊడిన వీపులకి గాజుగుడ్డ అతికించాం. చేతులు నీలంగా, ముక్కులు చిట్లించుకుని, ఒకళ్ళ మీద ఒకళ్ళు జిగురు చల్లుకుంటూ చేసిన పని అది. ఆ పని చేస్తూనే రూల్సు మీద వాదన. మా తరగతిలో శేషగిరి అని ఒక అబ్బాయి ఉండేవాడు, పోస్టుమాస్టరుగారబ్బాయి, తల నున్నగా దువ్వుకుని, పెన్ను మూత పోగొట్టుకోని ఏకైక విద్యార్థి. వాడికీ నాకూ క్షణం పడేది కాదు గానీ రూల్సు దగ్గర మాత్రం ఇద్దరిదీ ఒకే మాట. వేలు తడి చేసి పేజీ తిప్పకూడదు. పేజీ చెవి మడవకూడదు. భోజనం దగ్గర తెరవకూడదు. శనివారం తీసుకుంటే సోమవారం తేవాలి.

"మరి మరక పడితే?" అన్నాడు శేషగిరి.

"ఇంక వాళ్ళకి జన్మలో పుస్తకం లేదు!" అన్నాను నేను గరిటె ఎత్తి.

టీచరు నవ్వి, "రాయి మరి" అన్నారు. చార్టు మీద గుండ్రటి అక్షరాలతో రాసి, మరక అనే మాట కింద ఎర్రగీత కూడా గీశాను. నా దస్తూరి బాగుండేదని చెప్పుకోడానికి నాకు మొహమాటమేం లేదు.

మా తరగతిలోనే నాంచారమ్మ చదువుకునేది. వాళ్ళది అడవులదీవి. సముద్రం మీద వేటకెళ్ళే ఇల్లు. రేపల్లెలో హాస్టల్లో ఉంటూ శనివారం మధ్యాహ్నం బస్సెక్కి ఇంటికెళ్ళి, సోమవారం పొద్దున్నే బస్సు దిగి తిన్నగా బడికొచ్చేది. పొడుగ్గా, నల్లగా, ఫెళ్ళుమని నవ్వేది. వ్యాకరణం క్లాసులో కునుకు తీసేది గానీ కథ చెప్తున్నారంటే కళ్ళు ఇంతింత చేసుకునేది. ఆ యేడు తర్వాత ఆమె చదువు ఉంటుందో లేదో మాకెవరికీ తెలీదు. వాళ్ళ నాన్న "ఈ యేడుతో చాల్లే, ఎండుచేపల పని నేర్చుకో" అంటున్నాడని ఆమే చెప్పింది, పెద్దగా బాధపడుతున్నట్టు కాకుండా, వాన వస్తుందేమో అన్నట్టు.

మొదటి శనివారం బీరువా తలుపులు రెండూ బార్లా తెరిచారు. లోపల్నుంచి పాతకాగితం వాసన, కలరా ఉండల వాసన ఒక్కసారి మీదికొచ్చాయి. టీచరు తలా ఒక కార్డు రాసిచ్చారు, అందరం తోసుకున్నాం. నాంచారమ్మ సముద్రయానం కథల పుస్తకం తీసుకుంది. లావుపాటిది, మధ్యమధ్యలో ఓడల బొమ్మలున్నది. ఎంపిక చేసేటప్పుడు బొమ్మలో తెరచాప తప్పు కట్టారని ఒకటే నవ్వు. దాన్ని ఒళ్ళో పెట్టుకుని బస్సు కిటికీ పక్కన కూర్చుని, నాకు చెయ్యి ఊపింది.

సోమవారం నాంచారమ్మ ఆ పుస్తకాన్ని ఉతికిన తుండుగుడ్డలో చుట్టి, రెండు చేతులతో పట్టుకుని తెచ్చింది. గుడ్డ విప్పింది. అట్ట నిండా పసుపు. మధ్యలో కుంకుమ బొట్టు. మూలమూలకీ మళ్ళీ బొట్లు. అట్ట తెరిస్తే మొదటి పేజీ మీద కూడా పసుపు వేలిముద్ర, ఎండిపోయి, పొడి రాలుతూ.

"మా మామ్మ పెట్టింది. బాగుంది గదా!" అంది నాంచారమ్మ, వెలిగిపోతున్న మొహంతో.

వాళ్ళింటికి పుస్తకం రావడం అదే మొదలు. బడి పుస్తకాలు హాస్టల్లోనే ఉండేవి గనక అవి ఎప్పుడూ ఆ ఇంటి గడప తొక్కలేదు. కొత్త వల వచ్చినా, కొత్త పడవ దిగినా పసుపు కుంకాలు పెట్టకుండా ముట్టని ఇల్లు అది. మామ్మ గుమ్మంలోనే మనవరాలిని ఆపి, లోపలికెళ్ళి గిన్నెలో పసుపు తడిపి తెచ్చి, పుస్తకానికి పూసి, అప్పుడు లోపలికి రానిచ్చిందట. ఆ సాయంత్రం వాకిట్లో చాప వేసి కూర్చోబెట్టి, చదవమందట. పక్కిళ్ళవాళ్ళు కూడా వచ్చి కూర్చున్నారట. వాళ్ళ నాన్న వల బాగుచేసుకుంటూ వింటూ, తుఫాను వచ్చిన చోట చెయ్యి ఆపేశాడట. ఆదివారమూ చదివినా, కథ సగంలో ఉండగానే సోమవారం బస్సు వేళయింది. మామ్మ కొడుకుని పిలిచి, ఆ ఓడ ఏమైందో తేలేదాకా పిల్లని బడి మానిపించడానికి వీల్లేదని తేల్చి చెప్పేసిందట. నాంచారమ్మ ఇదంతా ఒక్క ఊపిరిలో చెప్పింది, వచ్చే శనివారం మళ్ళీ అదే పుస్తకం కావాలంది.

శేషగిరి చార్టు వంక చూశాడు. నేనూ చూశాను. ఎర్రగీత అక్కడే ఉంది.

హెడ్మాస్టరుగారు పుస్తకాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "ఇదేంటమ్మా, పుస్తకమా, పెళ్ళికూతురా?" అన్నారు. ఎవరికీ నవ్వు రాలేదు. ఆయన లేచి బీరువా తలుపులు దగ్గరికి వేసి తాళం తిప్పారు. ఆ చప్పుడుకి నా పైప్రాణాలు పైనే పోయాయి. కరుణమ్మ టీచరు గట్టిగా అడగబట్టి శనివారం దాకా గడువిచ్చారు. ఈలోగా పిల్లలు ఏదో ఒకటి తేల్చి చెప్తే సరే, లేకపోతే ఇంతే సంగతులు. టీచరుని మీరే ఏదన్నా చెయ్యండని బతిమాలాం. ఆవిడ కదల్లేదు. "రూలు రాసింది మీరు. దాన్నేం చెయ్యాలో కూడా మీరే చూడండి" అన్నారు. కోపమొచ్చింది నాకు. పెద్దవాళ్ళు సరిగ్గా అవసరమైనప్పుడే ఇలా తప్పుకుంటారేంటని తిట్టుకున్నాను.

వరండాలో కూర్చుని వాదించుకున్నాం. శేషగిరి మాట సూటిగానే ఉంది. నాంచారమ్మ ఒక్కదాని కార్డు తీసేస్తే హెడ్మాస్టరుగారు మిగతావాళ్ళకి తాళం తీస్తారు, ఒక్కళ్ళ కోసం అందరికీ పోగొట్టుకుంటామా అన్నాడు. చాలామంది తలలూపారు. నాంచారమ్మ లేచి నా ఎదురుగా నిలబడింది.

"పసుపు మరకేంటే? మరకంటే బురద, పేడ! మీ ఇంట్లో పసుపుని మరకంటారా?"

"రూలు రూలే గదా" అన్నాడు శేషగిరి, నేల చూపులు చూస్తూ.

"అయితే తీసేయండి నా కార్డు. ఓడ ఏమైందో మా మామ్మకి మీరే వచ్చి చెప్పుకోండి. నేనెట్టాగూ చేపలు ఎండేసుకుంటా ఉంటాను."

అప్పుడుగానీ మాకు బోధపడలేదు. ఆ పిల్ల చదువంతా ఆ సగం కథ మీద ఆగి ఉంది. శనివారం ఉత్తి చేతులతో ఇంటికెళ్తే మామ్మ మాటకి బలం లేదు, వాళ్ళ నాన్నకి ఇక అడ్డు లేదు. నాకు ఏడుపు ముంచుకొచ్చింది, దాన్ని మింగి శేషగిరి మీద అరిచాను. వాడూ నా మీద అరిచాడు. ఏదీ తేలకుండా గంట కొట్టేశారు.

మా ఇంట్లో సాయంత్రం దీపాల వేళకి కుటుంబ ప్రార్థన ఉండేది. నాయనమ్మ చేతులు కడుక్కుని, కళ్ళజోడు దారం సర్దుకుని, పెట్టె మీంచి బైబిలు తీసేది. దానికి ఆమె పాత చీర ముక్కతో కుట్టిన గుడ్డ తొడుగు ఉండేది, తల నూనె చేతులతో పట్టుకుని పట్టుకుని జిడ్డు పట్టింది. ఏటా క్రిస్మస్‌కి ఆ తొడుగు విప్పి ఉతకడమో, మరీ మాసిపోతే కొత్తది కుట్టడమో చేసేది. ఆ రోజు మా నాన్న చదువుతుంటే నా చెవికి ఒక్క మాట ఎక్కలేదు. ప్రార్థన అయ్యాక మొదటి పేజీ తెరిచాను. అక్కడ మా తాతయ్య సిరాతో రాసిన మా ఇంటివాళ్ళ పుట్టినరోజులు, పెళ్ళిళ్ళు, పోయినవాళ్ళ పేర్లు, చివర్లో మా నాన్న రాసిన నా పేరు. సిరా చాలాచోట్ల అలికినట్టుంది.

"ఇది మరకా నాయనమ్మా?"

"మరకేంటే పిచ్చిమొద్దూ! మనింటి పుస్తకమని తెలియొద్దూ?"

"మరి వేరేవాళ్ళ పుస్తకమైతే?"

"వేరేవాళ్ళదైతే ఎట్టా రాస్తామే? తొడుగు కుట్టి ఇస్తాం గానీ" అంది నాయనమ్మ, బైబిలు నా చేతుల్లోంచి తీసుకుని మళ్ళీ తొడుగులోకి దూరుస్తూ.

నేను లేచి నిలబడ్డాను. అన్నం తినమని అమ్మ పిలుస్తున్నా వినకుండా గదంతా తిరిగాను. బుర్రలో ఆ తొడుగే తిరుగుతోంది.

శనివారం పొద్దున్న మేం హెడ్మాస్టరుగారి గదిలోకి వెళ్ళేసరికి అక్కడ నాంచారమ్మ వాళ్ళ మామ్మ ఉంది. మొదటి బస్సుకే వచ్చేసిందట. మోచేతి దాకా గాజులు, నోట్లో చుట్ట వాసన, చంకలో బుట్ట. తన పసుపు వల్ల బళ్ళో గొడవయిందని ఊళ్ళోకి ఎవరో కబురు మోసుకెళ్ళారు. హెడ్మాస్టరుగారు ఆమెని కూర్చోమంటున్నారు, ఆమె కూర్చోవడం లేదు.

"నాది తప్పేనండి బాబూ. ఇంట్లో ఉన్న పసుపు పాతదండి, రంగు పోయింది. తొందర్లో అదే పూసేశానండి. పెద్దవారు, మీకు కోపం రాదాండి మరి?" అని బుట్టలోంచి పెద్ద పొట్లం తీసి బల్ల మీద పెట్టింది. "ఇదిగోండి, దుగ్గిరాల పసుపు. మేలైన రకమండి. గిన్నె ఇప్పించండి, మీ పుస్తకాలన్నిటికీ సుబ్బరంగా నేనే పూసి వెళ్తానండి."

హెడ్మాస్టరుగారు నోరు తెరిచి మూసుకున్నారు. మామ్మ ఆయన మొహం చూసి, ఇంకా ఏదో లోటు జరిగిందనుకుని బీరువా వైపు తిరిగింది. "దీనికసలు పసుపే పెట్టినట్టు లేదే! కొత్తగా వచ్చిన్నాడు ఎవరూ పెట్టలేదాండి? అందుకేనా అయ్యా, తాళమేసి ఉంచారు?"

కరుణమ్మ టీచరు కొంగు నోట్లో కుక్కుకున్నారు. శేషగిరి గోడ వైపు తిరిగిపోయాడు, భుజాలు అదురుతున్నాయి. చివరికి హెడ్మాస్టరుగారు కూడా, అంత మనిషీ, కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ నవ్వేశారు. మామ్మ మాత్రం అందరూ ఎందుకు నవ్వుతున్నారో తెలియక, నవ్వారు గనక మంచిదేనని తనూ నవ్వింది.

ఇదే సమయమని నేను అందుకున్నాను. నాకు నోరు ఎక్కువే, ఆ రోజు దానికి పని దొరికింది. "సార్, మీ ఇంట్లో సరస్వతీ పూజకి పుస్తకాలకి పసుపు పెడతారు గదాండి?"

"అవి మావమ్మా. ఇవి బడివి. రేపు ఇన్‌స్పెక్షన్‌కి వచ్చినాయన అడిగితే నేనేం చెప్పను?"

"అందుకేనండి. పుస్తకం బడిది, అట్ట ఇంటిది అని రాద్దామండి. శనివారం పుస్తకం తీసుకునేవాళ్ళు ఇంటి నుంచి కాగితం తెచ్చుకుని, దానికి అట్ట వేసుకుని తీసుకెళ్ళాలండి. ఆ అట్టకి పసుపు పూసుకుంటారో, బొట్టు పెట్టుకుంటారో, బైబిలు వాక్యం రాసుకుంటారో వాళ్ళిష్టమండి. లోపలి కాగితం మీద మాత్రం చెయ్యి పడకూడదండి."

ఆయన ఆలోచించారు. నా మీద జాలితో ఒప్పుకున్నారనుకుంటే పొరపాటే. ఆయన అడిగిన ప్రశ్న ఒక్కటే. "ఇన్‌స్పెక్షన్ రోజు ఆ అట్టలు ఊడదీసేయొచ్చు గదా?"

"ఊడదీసే పూచీ నాదండి" అన్నాడు శేషగిరి, నాకంటే ముందు. నేను ఆశ్చర్యపోయి వాడి వంక చూశాను. "రూలు సరిగ్గా రాస్తే పాటించొచ్చు సార్" అన్నాడు, ఆ రూలు తనదే అయినట్టు. సరే, వాడికా మాత్రం వదిలేశాను.

హెడ్మాస్టరుగారు తాళంచెవి టీచరు చేతిలో పెట్టారు. మామ్మ పసుపు పొట్లం వెనక్కి తీసుకోనంది. పుస్తకాలకి వద్దంటే పోనీ, బీరువాకన్నా పెట్టనివ్వాలని పట్టుబట్టింది. తలుపుల మీద బొట్లు పెట్టి, చేతులు తుడుచుకుని, మనవరాలి వైపు తిరిగి, "ఇంతకీ ఓడ ఏమైందే?" అంది. నాంచారమ్మ ఆ మధ్యాహ్నమే ఆ పుస్తకానికి అట్ట వేసుకుని, మామ్మతో కలిసి బస్సెక్కింది. ఓడ క్షేమంగా రేవు చేరిందని సోమవారం మాకందరికీ చెప్పింది. ఆ తర్వాత ఆమె వెంట ఇంకో పుస్తకం వెళ్ళింది, దాని వెనక ఇంకోటి. వాళ్ళ నాన్న చదువు మానిపించే మాట ఎత్తడం మానేశాడు. నాంచారమ్మ పది పాసై, నర్సు ట్రైనింగుకి వెళ్ళింది. నిజాంపట్నం దగ్గర చాలాకాలం పని చేసింది.

చార్టు కొత్తగా రాశాం. అందులో ఒక రూలు టీచరుది. పుస్తకం తిరిగిచ్చేటప్పుడు ఇంట్లో ఎవరికి చదివి వినిపించారో చెప్పాలి. మొదట్లో అందరూ నీళ్ళు నమిలారు. తర్వాత తర్వాత ఆ మాట చెప్పడానికే సోమవారం పొద్దున్న వరసలో నిలబడేవాళ్ళు. మా అత్తకండి, మా పాలేరు తాతకండి, రొట్టెలు చేస్తుంటే మా అమ్మకండి, ఎవరూ లేకపోతే మా గేదెకండి. ఇక అట్టల సంగతి చెప్పక్కర్లేదు. గోధుమరంగు కాగితం కొనగలిగినవాళ్ళు తక్కువ. సిమెంటు సంచుల కాగితం, దేవుళ్ళ క్యాలెండర్లు, వాక్యాల క్యాలెండర్లు, మిఠాయి దుకాణం నూనె కాగితం, పాత పెళ్ళిపత్రికలు. మా నాయనమ్మ చీరముక్కతో కుట్టిన తొడుగులు కూడా రెండో మూడో ఆ బీరువాలో తిరిగాయి. పుస్తకాన్ని చేతిలోకి తీసుకుని అట్ట చూసి అది కిందటి వారం ఏ ఇంట్లో పడుకుందో చెప్పేసేవాళ్ళం. ఇన్‌స్పెక్షన్‌కి ముందు శేషగిరి వరండాలో కూర్చుని అట్టలన్నీ ఊడదీసేవాడు, వెళ్ళాక మళ్ళీ అన్నీ వాడే తొడిగేవాడు, ఎవరినీ ముట్టుకోనిచ్చేవాడు కాదు. తొంభైల్లో నేను బాపట్లలో బీఈడీ చేసి, టీచరునై, ఏ బళ్ళో అడుగుపెట్టినా మొదట బీరువా తాళం ఎక్కడుందని అడిగేదాన్ని. అడిగి సాధించేదాన్ని కూడా.

ఇప్పుడు మామ్మ లేదు, నాయనమ్మ లేదు, కరుణమ్మ టీచరు తెనాలిలో తన మంచం మీదే ప్రశాంతంగా కన్నుమూశారు. వాకిట్లో చాప వేసి కథ వినే ఇళ్ళు లేవు. ఆ సిమెంటు కాగితం అట్టలూ లేవు, గేదెకి చదివి వినిపించానని బొంకే పిల్లలూ లేరు. ముందే రిటైర్మెంటు తీసుకున్నాక ఒకసారి మా రేపల్లె బడివాళ్ళు పాత విద్యార్థినని, లైబ్రరీ నియమాల కమిటీలో ఉండమని పిలిచారు. వెళ్ళాను. విశాలమైన గది, తెల్లటి లైట్లు, గోడ పొడుగునా అద్దాల బీరువాలు. ఒక పుస్తకం తీసి చూశాను. కొన్ననాటి వాసన అలాగే ఉంది, తెరిస్తే వీపు కిరకిరలాడింది. ఒక్క మరక లేదు. నియమాల కాగితంలో మొట్టమొదటి మాట, పుస్తకాలు గది దాటి తీసుకుపోరాదు. నా ఒళ్ళు మండింది. పెన్ను తీసి అందరి ముందూ ఆ వాక్యం కొట్టేశాను. కమిటీలో కుర్రవాళ్ళు చాలాసేపు వాదించారు, నేను వాళ్ళకంటే ఎక్కువసేపు వాదించాను. చివరికి శనివారం ఇచ్చి సోమవారం తీసుకోడానికి ఒప్పుకున్నారు.

ఆ మొదటి సోమవారమే లైబ్రరీ చూసే టీచరమ్మాయి నాకు ఫోను చేసింది. గొంతులో కంగారు.

"మేడమ్, నేను కమిటీలోనే చెప్పాను గదండి. ఒక పాప తెచ్చిన పుస్తకం నిండా పులుసు మరకలండి. ఏం చెయ్యమంటారండి? కార్డు ఆపేయమంటారా?"

"పాప అక్కడే ఉందా తల్లీ? ఎవరికి చదివి వినిపించిందో అడుగు ముందు."

ఫోను బల్ల మీద పెట్టిన చప్పుడు. ఏదో గుసగుస. తర్వాత దూరంగా సన్నటి గొంతు, భయం భయంగా.

"మా నాన్నకండి. ఆటో తోలి వచ్చాడండి. అన్నం తింటా, నువ్వు చదవ్వే అన్నాడండి. బొమ్మ చూపించమని లాక్కున్నాడండి."

నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. టీచరమ్మాయి మళ్ళీ ఫోనెత్తి, "మేడమ్, ఉన్నారాండి?" అంది.

"ఉన్నానమ్మా. ఆ పిల్లకి ఇంకో పుస్తకం ఇవ్వు" అన్నాను. "బొమ్మలున్నదే ఇవ్వు."